పొలం గట్టున పిట్టలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వ్యవసాయ కళాశాలలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. గుంటూరు శివార్లలో ఒక పొలంలో మిరప, పత్తి మీద నా ప్రయోగం నడుస్తోంది. పొద్దున ఏడింటికి వెళ్లి మిరప పూలలో తామర పురుగులు, పత్తి మీద లద్దె పురుగులు లెక్కపెడతాను. పదింటికల్లా ఆ పని అయిపోతుంది. మళ్లీ సాయంత్రం నాలుగింటికి ఇంకో విడత. మధ్యలో హాస్టల్‌కు వెళ్లి రావడం కుదరదు. వేప చెట్టు కింద కూర్చుంటే చుట్టూ రకరకాల పిట్టలు కనిపిస్తాయి. కాకి, పిచ్చుక, కొంగ తప్ప నాకు పేర్లు తెలియవు. బైనాక్యులర్స్ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇది పనికొచ్చే పనేనా, లేక ఫోన్ చూసుకున్నట్టే టైంపాసా?
– పరిశోధక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, మీకు మధ్యలో దొరికే ఆ గంటలు పక్షులంటే ఇష్టం ఉన్న చాలామందికి దొరకవు. వాళ్లు ఆదివారం పూట కెమెరా తగిలించుకుని ఎక్కడికో వెళ్లి, కాసేపు చూసి వచ్చేస్తారు. మీరు రోజూ ఒకే పొలంలో, ఒకే చెట్టు కింద ఉంటారు. ఒక పిట్ట ఏం తింటుంది, ఏ వేళకు వస్తుంది, దేన్ని చూసి పారిపోతుంది అన్నవి తెలియాలంటే అలా ఒకే చోట ఉండాలి. బైనాక్యులర్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. మీ ఫీల్డ్ బుక్‌లో రాయొద్దు, ఇది వేరేగా ఉండాలి.

అందులో పిట్ట పేరు రాయాలని తొందరపడొద్దు. టైము రాయండి. ఎక్కడ వాలిందో రాయండి: నేల మీదా, మొక్క మీదా, కరెంటు తీగ మీదా, గేదె వీపు మీదా? ఏం చేస్తోందో రాయండి. "11.20, తీగ మీద నుంచి నేలకు దూకింది, మిడతను పట్టింది, మళ్లీ అదే తీగ మీద వాలింది" అని రాసుకున్నారంటే సగం గుర్తుపట్టినట్టే. రంగు ఒక్కటే చూసి వెతికితే నాలుగు పిట్టలు ఒకేలా కనిపిస్తాయి. అది చేసే పని కూడా కలుపుకుని వెతికితే ఒకటో రెండో మిగులుతాయి. నా ఉద్యోగమంతా వ్యవసాయ శాఖలో, ఈ జిల్లా పొలాల్లోనే గడిచింది. నాకు పిట్టల్ని నేర్పింది కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్లు, గేదెలు కాసే పిల్లలు. వాళ్లు పిట్టను పనిని బట్టే గుర్తుపడతారు. మీ పొలంలో కూలికి వచ్చేవాళ్లను అన్నాలవేళ అడిగి చూడండి. మీరు అడిగారంటే సంతోషంగా చెబుతారు.

ఇంకో సంగతి తెలిస్తే మీకు చూపు తేలికవుతుంది. మన గుంటూరు, విజయవాడ వాతావరణాన్ని భూగోళశాస్త్రంలో ఉష్ణమండల సవాన్నా రకం అంటారు. వానలు కొన్ని నెలలే, మిగతా కాలమంతా పొడి. సవాన్నా అంటే గడ్డి, మధ్యమధ్య విడివిడిగా చెట్లు, వాటి నడుమ మేసే మందలు. మన మెట్ట పొలాల్లో గడ్డి ఉండాల్సిన చోట పత్తి, మిరప, జొన్న ఉన్నాయి. మందల స్థానంలో గేదెలు, ట్రాక్టర్లు వచ్చాయి. విడివిడి చెట్ల పని ఇప్పుడు తాటిచెట్లు, తుమ్మలు, కరెంటు స్తంభాలు చేస్తున్నాయి. ఎత్తుగా ఒక చోట కూర్చుని, కింద నేలంతా చూసుకుంటూ వేటాడే పిట్టలు మీ పొలం చుట్టూ అన్ని ఉండటానికి కారణం అది. వాటితోనే మొదలుపెట్టండి.

మొదటిది నల్ల ఏట్రింత. పసులపోలిగాడు అని కూడా అంటారు. నిగనిగలాడే నలుపు, చివర రెండుగా చీలిన పొడవాటి తోక. గేదె మేస్తూ నడిచినప్పుడు గడ్డిలోంచి మిడతలు లేస్తాయి కదా, వాటి కోసం గేదె వీపు మీదే కూర్చుంటుంది. తీగ మీద నుంచి గాల్లోకి ఎగిరి, పురుగును పట్టుకుని, వంపు తిరిగి మళ్లీ అక్కడే వాలుతుంది. పొద్దుగూకి మిగతా పిట్టలన్నీ గూళ్లకు చేరాక కూడా ఇది వేట ఆపదు. మీ లద్దె పురుగుల తల్లి పురుగులు, అంటే ఆ రెక్కల పురుగులు, చీకటి పడే వేళకే లేస్తాయి. మీ సాయంత్రం విడత పని అయ్యాక ఒక పావుగంట ఆగి దీన్ని చూడండి. ఎండాకాలం చివర, వానల మొదట్లో గూడు పెట్టినప్పుడు దీని ధైర్యం చూడాలి. కాకినీ, గద్దనీ, ఏది అటు వచ్చినా వెంటపడి తరుముతుంది. అందుకే గువ్వలు, పిగిలిపిట్టలు ఏట్రింత గూడున్న చెట్టు మీదే తమ గూళ్లు కట్టుకోవడం కనిపిస్తుంది. నాకు మన పొలాల్లో అన్నిటికన్నా ఇష్టమైన పిట్ట ఇదే.

రెండోది పసిరిక పిట్ట. పిచ్చుకంత ఉంటుంది, ఆకుపచ్చ రంగు, తోక మధ్యలో సూదుల్లాంటి రెండు ఈకలు. తేనెటీగను పట్టుకుంటే వెంటనే మింగదు. కొమ్మకేసి కొట్టి, రుద్ది, కొండి వదిలించి అప్పుడు తింటుంది. గూడు చెట్టు మీద ఉండదు, మట్టి కట్టల్లో, వాగు ఒడ్డుల్లో బొరియ తవ్వుతుంది. మూడోది పాలపిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, ఎగిరితే రెక్కల్లో నీలం కళ్లు చెదరగొడుతుంది. పెద్ద మిడతలు, కీచురాళ్లు, తేళ్లు, చిన్న తొండలు దాని తిండి. మార్చి వచ్చిందంటే మగది ఆకాశంలోకి లేచి పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. మీరు అప్పటికి ఇంకా పొలంలో ఉంటే తప్పకుండా చూడండి. ఇక పశువుల వెంట తిరిగే తెల్ల కొంగలు, జంటలుగా తిరిగే గోరింకలు, కంచెలో నక్కి నక్కి నడిచే జెముడు కాకి, పొద్దున్నే గట్ల మీద అరిచే కౌజులు. ఈ పాటి తెలిస్తే మీ పొలంలో కనిపించేవాటిలో చాలావరకు వచ్చేసినట్టే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. పనికొస్తుందా అన్నారు. మీ ప్రయోగానికే పనికొస్తుంది. తామర పురుగు విషయంలో పిట్టలు పెద్దగా చేసేదేమీ లేదు, అది మరీ చిన్నది. కానీ లద్దె పురుగు, శనగపచ్చ పురుగు వాటికి మంచి తిండి. మీ ప్లాట్లకు ఒకవైపున కరెంటు తీగ పోతోందనుకోండి. ఏట్రింతలు, గోరింకలు, పాలపిట్టలు అటువైపే వాలతాయి. ఆ అంచున ఉన్న ప్లాట్లలో పురుగుల సంఖ్య తగ్గితే, అది మీ మందు గొప్పతనమో పిట్టల పనో మీ పట్టికల్లో తెలియదు. రెప్లికేషన్లను, అంటే అదే ప్రయోగాన్ని తిరిగి వేసిన ప్లాట్లను, ఎటు నుంచి ఎటు వేశారు, తీగ ఎటు ఉంది, ఏ వేళ ఎన్ని పిట్టలు ఏ ప్లాటులో దిగాయి అన్నది రాసి పెట్టుకుంటే, రేపు థీసిస్‌లో ఒక లెక్క వింతగా వచ్చినప్పుడు మీ దగ్గర సమాధానం ఉంటుంది. దీన్ని మీ గైడ్ గారికి ముందే చెప్పండి. ఒక్క హెచ్చరిక: పిట్టల మీద ఇష్టం కొద్దీ ప్రయోగం ప్లాట్లలో మీరే పక్షి స్థావరాలు, అంటే పిట్టలు వాలడానికి పెట్టే కర్రలు, పాతకండి. అది మీ ప్లానులో లేని ఇంకో ట్రీట్‌మెంట్ అవుతుంది. కావాలంటే గైడ్ గారి అనుమతితో దూరంగా, పక్క చేలో పెట్టండి.

మీకు దొరికేది మిట్టమధ్యాహ్నం కాబట్టి పిట్టలు తక్కువ కనిపిస్తాయి, నిజమే. ఆ వేళకు తగ్గవే చూడండి. పదకొండు దాటాక నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. నీడలో కూర్చున్న కాకి నోరు తెరిచి రొప్పుతూ ఉంటుంది, అది దాహం కాదు, ఒంట్లో వేడి బయటికి పంపే పద్ధతి. చేలో నీటి తొట్టి గానీ, డ్రిప్పు కారే చోటు గానీ ఉంటే దానికి ఎదురుగా కూర్చోండి. మధ్యాహ్నం పూట పిట్టలు మన దగ్గరికి వచ్చే చోటు నీళ్లే. పక్కన తాటిచెట్టు ఉంటే పైకి చూడండి. దాని చుట్టూ సన్నని రెక్కలతో గిరగిరా తిరిగే చిన్న పిట్టలు తాటాకు మడతల్లోనే ఎంగిలితో గూడు అంటించుకుంటాయి.

సెప్టెంబరు, అక్టోబరు నుంచి చలికాలపు వలస పిట్టలు దిగుతాయి. తోక ఆడిస్తూ తడి నేల మీద నడిచే వాగ్‌టెయిల్స్, తీగల మీద బారులు తీరే స్వాలోలు, మధ్య ఆసియా నుంచి గుంపులుగా వచ్చే గులాబి గోరింకలు. మొదటిసారి ఏ తేదీన చూశారో రాసుకోండి. అదే తేదీ వచ్చే ఏడాది మీ జూనియర్‌కు పనికొస్తుంది.

ఫోన్ పక్కన పెట్టమని చెప్పను. మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, పిట్ట కూత వినిపించినా, ఫొటో చూపించినా పేరు సూచిస్తుంది. హాస్టల్ వైఫైలో మన ప్రాంతం ప్యాక్ దించుకుంటే పొలంలో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. అది చెప్పిన పేరును మీరు రాసుకున్న పనితో సరిచూసుకున్నాకే నమ్మండి. పేర్లు కాస్త పట్టుబడ్డాక, పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయండి: ఒకే చోట కూర్చుని పదిహేను నిమిషాలు, గుర్తుపట్టిన ప్రతి రకం, ఎన్ని ఉన్నాయో అన్నీ. కాకుల్ని వదిలేయొద్దు. మామూలు పిట్టల లెక్క ఉంటేనే అవి తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా కలిసి చేసే పక్షుల లెక్కింపులో కాలేజీ క్యాంపస్‌లు కూడా పాల్గొంటాయి, మీ కాలేజీని కలపండి.

అప్పటికీ ఇష్టం తగ్గకపోతే బైనాక్యులర్స్ కొనండి. 8×42 రకం తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10 రెట్లవి, 12 రెట్లవి గొప్పగా అనిపిస్తాయి కానీ చేతిలో వణుకుతాయి. దాంతో సూర్యుడి వైపు మాత్రం చూడకండి. గడ్డి గట్ల నీడలో రక్తపింజరలు పడుకుంటాయి, పిట్ట వెనక చూపు పెట్టి నడిచేటప్పుడు కాలికి బూట్లు ఉండాలి, చేతిలో కర్ర ఉండాలి.

ప్రశ్న: మాది తెనాలి వైపు. వరి కోశాక మొక్కజొన్న వేస్తాం. విత్తనం మొలకెత్తేటప్పుడు గోరింకలు, కాకులు పీకేస్తాయి, కంకి పాలు పోసుకునేటప్పుడు రామచిలుకలు పడతాయి. మీరేమో పక్షి స్థావరాలు పెట్టమంటారు. ఈ రెండూ ఎలా కుదురుతాయి?
– రైతు, తెనాలి

జవాబు: మీ కోపం న్యాయమైనదే. రామచిలుక మన రాష్ట్ర పక్షి అయినంత మాత్రాన మీ కంకులు దానికి రాసిచ్చినట్టు కాదు. ఇందులో చూడాల్సింది పైరు వయసు. కంది, శనగ, పత్తి, మినుము చేలల్లో పురుగు పడే దశలో ఎకరానికి పది నుంచి ఇరవై దాకా టీ ఆకారపు కర్రలు పైరుకన్నా అడుగో అడుగున్నరో ఎత్తుగా పాతితే ఏట్రింతలు, గోరింకలు వాలి పురుగుల్ని ఏరుకుంటాయి. పసుపు కలిపిన అన్నం చల్లి పిట్టల్ని చేలోకి పిలిచే పద్ధతి కూడా మనవాళ్లు పాటిస్తారు. అదే కర్రలు జొన్న, వరి, మొక్కజొన్న గింజ కట్టే దశలో చేలో ఉంటే గింజ తినే పిట్టలకు సాయం చేసినట్టే. అప్పుడు పీకేయాలి. ఆ పీకేసే పని ఎవరూ చేయరు, అక్కడే నష్టం వస్తుంది.

మొక్కజొన్నలో చిలుకలు ముందు గట్టు పక్కనున్న వరుసల మీదే పడతాయి. గింజ పాలు పోసుకునే వేళ చుట్టూ అంచున ఉన్న మూడు నాలుగు వరుసల కంకులకు అదే మొక్క ఆకులు చుట్టి కట్టండి. కంకి కనపడకపోతే చిలుక దిగదు. కూలి ఖర్చు అంచు వరుసలకే అవుతుంది. ఇది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ పక్షిశాస్త్ర కేంద్రం వాళ్లు చాలాకాలంగా చెబుతున్న పద్ధతి. మెరిసే రిబ్బన్లు కడితే ఒక మెలిక తిప్పి, పైరుకన్నా కాస్త ఎత్తులో, గాలికి అడ్డంగా కట్టండి. ఎండకు మెరుస్తాయి, గాలికి మోగుతాయి. దాన్ని మొలక దశలో ఒకసారి, గింజ దశలో ఒకసారి కొద్దిరోజులే వాడాలి. పంట కాలమంతా వదిలేస్తే పిట్టలకు అలవాటైపోయి దాని మీదే వాలతాయి. మొలక దశ పది, పన్నెండు రోజులు దాటితే ఆ బెడద పోతుంది. విత్తనం లోతుగా పడేలా, పైన గింజ కనపడకుండా చూసుకోవడం అన్నిటికన్నా చౌక.

గింజ తినే పిట్టలన్నీ ఏడాదంతా గింజే తినవు. గిజిగాడు వరి చేలో ముక్కు పెడతాడు, అదే గిజిగాడు గూట్లో పిల్లలున్నప్పుడు వాటికి పురుగులే పెడతాడు. మీ బోరు దగ్గర తాటిచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే వాటిని కొట్టేయకండి.

ప్రశ్న: వేసవి దుక్కికి ట్రాక్టరు మాట్లాడుకున్నాం. చేలో మట్టిగడ్డల మధ్య తీతువు గుడ్లు పెట్టింది. నాలుగు ఉన్నాయి. మా అత్తయ్య తీతువు అరుపు అరిష్టం, ఆ గుడ్లు పోతే పోనివ్వమంటోంది. ఏం చేయాలి?
– గృహిణి, ప్రత్తిపాడు

జవాబు: ముందుగా, గుడ్లు ముట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు. పొదగడం మనవల్ల కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. తీతువు గూడంటూ కట్టదు. చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, ఒక్కోసారి మేక పెంటికలు. గుడ్లు మట్టిరంగులో మచ్చలతో ఉంటాయి కాబట్టి ట్రాక్టరు డ్రైవరుకు కనపడవు. పొదుగుడు ఇంచుమించు నాలుగు వారాలు. పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే నడిచి వెళ్లిపోతాయి. అంటే చేను మొత్తం ఆపక్కర్లేదు, ఆ గూటి చుట్టూ నాలుగైదు గజాలు దున్నకుండా వదిలితే చాలు. గూటి పక్కన కాకుండా పది అడుగుల దూరంలో రెండు వైపులా రెండు పత్తికట్టెలు పాతండి. గుడ్డలు, రంగు కాగితాలు కట్టకండి, వాటిని చూసి కుక్కలు, కాకులు వస్తాయి. దుక్కి రోజు మీరో, మీ ఇంట్లో ఇంకొకరో అక్కడ ఉండి డ్రైవరుకు చెయ్యి చూపించండి. దున్నిన చోటు పక్కనే ఉన్నా, కాసేపటికి తల్లి వచ్చి కూర్చుంటుంది. ఆ కాసేపు మనం అక్కడి నుంచి తప్పుకోవాలి. ముఖ్యంగా ఎండ వేళ గుడ్లు ఉత్తనే ఉంటే ఉడికిపోతాయి.

మధ్యాహ్నం పూట దూరంగా నీడలో కూర్చుని దాన్ని చూడండమ్మా. తల్లీ తండ్రీ వంతులు మార్చుకుంటాయి. ఎండ మండిపోతున్నప్పుడు ఒకటి నీళ్ల దగ్గరికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. మన ఎండల్లో నేల మీద గుడ్డు పెట్టి బతికించుకోవడం మాటలా!

మీ అత్తయ్యగారికి ఒక మాట చెప్పండి. తీతువు రాత్రిపూట అరిచేది తన గుడ్ల వైపు ఎవరో నడిచి వస్తున్నారని. కుక్క కావచ్చు, నక్క కావచ్చు, మోటారు వేయడానికి వెళ్లే మనిషి కావచ్చు. రాత్రి పొలానికి కాపలా లేని ఇంట్లో అంత మెలకువగా ఉండే పిట్ట ఉండటం మంచిదే కదా అనండి, ఆవిడ ఒప్పుకుంటారు.

ప్రశ్న: మిరపకు మందు కొట్టిన మర్నాడు గట్టు మీద రెండు గోరింకలు, ఒక ఏట్రింత చచ్చి పడి ఉన్నాయి. మందు వల్లేనా? మనుషులకేమైనా అవుతుందా?
– కౌలు రైతు, సత్తెనపల్లి

జవాబు: మందు కొట్టిన మర్నాడే, అదే గట్టు మీద, పురుగులు తినే పిట్టలు పడిపోయాయంటే మొదటి అనుమానం మందు మీదే. కొన్ని పురుగుమందులు నరాల మీద పనిచేస్తాయి. మనిషికన్నా పిట్టలకు అవి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. మందు తగిలి కొట్టుకుంటున్న పురుగు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి పిట్ట దాన్నే ఎక్కువగా ఏరుకుంటుంది. 1995–96లో అర్జెంటీనాలో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతల్ని తిన్న స్వైన్సన్ గద్దలు వేలకు వేలు చేలల్లోనే చచ్చిపడ్డాయి. అవి ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చిన పక్షులు. ఆ మందును మన దేశంలో 2005లోనే కూరగాయల మీద నిషేధించారు, 2023లో 36 శాతం ద్రావణాన్నే ఆపేయమని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఫోరేట్ గుళికలు 2020 ఆఖరు నుంచి నిషేధం. పిట్టలు తిండి అరగడానికి ఇసుక రేణువులు మింగుతాయి, గుళికలు అచ్చం అలాగే ఉంటాయి. పాత నిల్వ ఉందని ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామంటే దయచేసి కొనకండి.

చచ్చిన పిట్టల్ని ఉత్త చేతులతో పట్టుకోవద్దు. కవరు తొడుక్కుని తీసి, కుక్కలు తవ్వలేనంత లోతున, బావికి దూరంగా పూడ్చండి. కూర వండుకోవడం మాట అసలు రాకూడదు. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి: ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మీ పురుగుకు నీలం, ఆకుపచ్చ గుర్తు మందుల్లో పనిచేసేవి ఉన్నాయేమో మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడిగి తెచ్చుకోండి. తైవాన్ పంపుతో కొట్టేటప్పుడు గట్ల మీద గడ్డి మీద పడకుండా చూడండి, పిట్టలు ఎక్కువగా మేసేది అక్కడే. పొద్దున పిట్టలు మేత మీద ఉండే వేళ కాకుండా సాయంత్రం కొట్టండి. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు మీకే ముందు కావాలి, ఆ విషం మీ నరాల మీద కూడా అలాగే పనిచేస్తుంది. మందు కొట్టాక తల తిరగడం, చెమటలు, నోట్లో నీళ్లు ఊరడం ఉంటే డబ్బా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఎవరూ మందు కొట్టని రోజుల్లో కాకులో కోళ్లో గుంపులుగా చచ్చిపోతే అది వేరే సంగతి. అప్పుడు ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు చేయండి.

ప్రశ్న: దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. మా వీధిలోకి బోనులో పెట్టి తెచ్చి చూపించి డబ్బులు అడుగుతున్నారు. పిల్లలకు చూపించవచ్చా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. పాలపిట్టను పట్టడం, బోనులో పెట్టి తిప్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ పిట్టలకు రెక్కలు కట్టేస్తారు, కత్తిరిస్తారు, పండగ అయ్యాక వదిలేసినా ఎగరలేక చచ్చిపోతాయి. మీరిచ్చే పది రూపాయలే వచ్చే ఏడాది ఇంకో పిట్టను పట్టిస్తాయి. అటవీ శాఖకు ఫోన్ చేసి చెప్పండి. పిల్లల్ని పండగ రోజు పొద్దున్నే బండి మీద నున్న వైపో, అమరావతి రోడ్డు వైపో తీసుకెళ్లండి. ఊరు దాటాక కరెంటు తీగల్ని చూస్తూ నెమ్మదిగా పోనివ్వండి. తీగ మీద ఒంటరిగా, తల పెద్దగా కనిపించే పిట్ట దగ్గర ఆగండి. అది ఎగిరేదాకా ఆగాలి, ఆ నీలం రెక్కల్ని పిల్లలు చూడాలి.

ప్రశ్న: పొలం పని లేని ఆదివారం గుంటూరు నుంచి వెళ్లి వచ్చేలా పక్షులు ఎక్కడ బాగా కనిపిస్తాయి?
– ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: ఉప్పలపాడు. పెదకాకాని మండలంలో ఉంది, గుంటూరుకు చాలా దగ్గర. ఊరి చెరువులో తుమ్మ చెట్ల మీద, అటవీ శాఖ వాళ్లు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు పక్కపక్కనే గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే ఇళ్ల మధ్య అన్ని పక్షులు నిలిచాయి. చలికాలంలో వెళ్లండి. బైనాక్యులర్స్ లేకపోయినా ఫర్వాలేదు, అంత దగ్గరగా ఉంటాయి. ఇంకాస్త దూరం పోగలిగితే కైకలూరు దగ్గర ఆటపాక, అది కొల్లేరు అంచు. పిల్లల్ని తీసుకెళ్తే గూళ్లున్న వైపు రాళ్లు విసరకుండా, డ్రోన్ ఎగరేయకుండా చూసుకోండి. పెద్ద పక్షులు బెదిరి ఒక్కసారి లేస్తే గూట్లోని గుడ్లు జారి నీళ్లలో పడతాయి. పొద్దున ఎనిమిది లోపు చేరుకుంటే మేతకు వెళ్లేవీ, పిల్లలకు మేత తెచ్చేవీ రెండూ కనిపిస్తాయి.